ఓదెమ్మ నీడ

"మేడమ్, మీ ఓదెమ్మ చనిపోయిందంటే నీడ ఒప్పుకోవడం లేదు."

ఓపీ గది తలుపు సగం తెరిచి, తల మాత్రం లోపల పెట్టి అన్నాడు నిరంజన్. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు అతను. ఈ బొగ్గుగనుల ఊళ్లో, కంపెనీ దవాఖాన మేడమీద అతనికొక గది ఇచ్చారు. నీడలన్నీ ఆ గదిలోని యంత్రాల్లో ఉంటాయి.

డాక్టర్ వసుంధర ఎదురుగా దగ్గుతో వచ్చిన ఒక పాత కార్మికుడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఎవలు సచ్చిపోలేదంటున్నడు మేడమ్?"

"నీ సంగతి కాదులే తాతా. ఊపిరి గట్టిగా పీల్చు."

ఆయన పీల్చాడు, దగ్గాడు, రెండు మాటలు చెప్పాడు. బల్లమీది నల్లటి పెట్టె అవన్నీ విని తెరమీద తనంతట తానే చీటీ రాసేసింది. చీటీ పక్కనే ఆయన నీడ లేచింది. బూడిదరంగు మనిషి ఆకారం, లోపల ఊపిరితిత్తులు, గుండె, నెత్తురు తిరిగే దారులు. ఇన్నేళ్లుగా ఈ దవాఖానలో ఆయన చెప్పుకున్న ప్రతి బాధా, ఇచ్చిన ప్రతి చుక్క రక్తమూ, మింగిన ప్రతి మాత్రా కలిపి యంత్రం కట్టిన ఒళ్లు అది. వసుంధర ఒక మందు పేరు చెప్పింది. నీడ దాన్ని మింగి, రాబోయే నెలలన్నిటినీ గుక్కెడు నీళ్లు తాగినంతసేపట్లో గడిపేసింది. ఊపిరితిత్తులు కాస్త తేటపడ్డాయి. ఆమె సరేనంది. తాత లేచాడు. తరువాతి మనిషి వచ్చి కూర్చుంది.

ఏడాదిగా పని ఇలాగే సాగుతోంది. మధ్యాహ్నం దాకా వరండా మెట్లమీద పడిగాపులు పడే జనం ఇప్పుడు పదకొండు గంటలకల్లా ఇళ్లకు పోతున్నారు. గుండెపోటు రాబోతున్న ఇద్దరు ముగ్గురిని నీడలు ముందే పట్టిచ్చాయి కూడా. వైద్యం మెరుగుపడిందని పై ఆఫీసు వాళ్లు శాలువా కప్పి వెళ్లారు. అందుకే నిరంజన్ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

ఓపీ ముగించి మేడెక్కింది.

"చూడండి" అన్నాడు అతను. "మనిషి పోయినట్టు నమోదవగానే నీడ వెనక్కి తిరిగి చూసుకుంటుంది, ఏ అవయవం ఎక్కడ ఆగిందో చూపించి ఆరిపోతుంది. ఇప్పటిదాకా అన్నీ అలాగే ఆరిపోయాయి. ఈవిడది ఆరడం లేదు. ఈ ఒంటికి చావడానికి కారణమే లేదంటోంది."

తెరమీద ఓదెమ్మ నీడ నిలబడి ఉంది. గుండె నెమ్మదిగా, బుద్ధిగా కొట్టుకుంటోంది.

ఓదెమ్మ గని కార్మికుడు పోశం భార్య. పోశం రిటైరయ్యాక కూడా ఆ దంపతులకు కంపెనీ కార్డు మీద ఉచిత వైద్యం ఉంది. పోయిన బుధవారం ఆమెను వాంతులతో, తడబడే గుండెతో వార్డుకు తెచ్చారు. గంట తిరక్కుండానే పోయింది. గుండె వేగాన్ని అదుపు చేసే మాత్ర ఆమెకు మొదలుపెట్టింది వసుంధరే. మూత్రపిండాలు బాగున్నవాళ్లకు అది మందు. బాగాలేనివాళ్ల ఒంట్లో పేరుకుని విషమవుతుంది. కానీ ఓదెమ్మ రక్తపరీక్షల్లో మూత్రపిండాలు బాగున్నాయి. నీడ ఆ మాత్రను హాయిగా అరిగించుకుంది కూడా.

"వార్డులో తీసిన రక్తం?" అంది వసుంధర.

"అందులో కిడ్నీలు పూర్తిగా చెడిపోయినట్టుంది. కానీ పాత పరీక్షలకూ దానికీ పొంతన లేదు. ఎవరిదో నమూనా కలిసిపోయి ఉంటుంది. సోమవారం మూసిన కేసుల నీడలన్నీ చెరిపేస్తాం, దీన్ని కూడా తప్పు కింద రాసి చెరిపేస్తాను. మీకొక మాట చెబుదామని పిలిచాను, అంతే."

వసుంధర ఓదెమ్మ ముఖాన్ని గుర్తు చేసుకోబోయింది. రాలేదు. చీటీలో ఏముందో గుర్తుంది, నీడ భుజం వంపు గుర్తుంది. స్టూలు మీద ఒక చీర, వెనక నిలబడ్డ ఇంకొక చీర గుర్తున్నాయి. ఎప్పుడూ ఇద్దరు ఆడవాళ్లు వచ్చేవాళ్లు. "మా వదినెకు కాళ్లు గుంజుతున్నయట మేడమ్" అనే గొంతు ఒకటి వినిపించేది. ఆ గొంతు కూర్చున్న మనిషిదో నిలబడ్డ మనిషిదో ఆమె ఎన్నడూ తల తిప్పి చూసుకోలేదు. తెర ఎడమవైపు ఉంటుంది, స్టూలు కుడివైపు.

*

ఇంటికి వచ్చినా ఆమె మనసు నిలవలేదు. చారు పొంగించింది. ఉప్పు వేశానా లేదా అని రెండుసార్లు రుచి చూసి మళ్లీ వేసింది. భర్త సుదర్శన్ గనుల సర్వే ఆఫీసులో పని చేస్తాడు. భోజనానికి వచ్చి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"వసూ, ఇవాళ సముద్రం మనింటికే వచ్చినట్టుంది."

"మజ్జిగ పోసుకోండి" అందామె ముభావంగా.

అత్తగారు భగీరథమ్మ ముందుగదిలో టీవీ తగ్గించి కేకేసింది. "అమ్మాయ్, మరిచిపోయాను. నీ పేరున వచ్చే నా షుగరు గోలీలు అయిపోయాయి. రేపు రాసి పట్రా."

సుదర్శన్ నవ్వాడు. "అమ్మ కార్డు పని ఇప్పట్లో తెమలదు గానీ, నీ పేరున అన్ని గోలీలేమిటి? పాపం, నీ నీడకి తీపి పెట్టకండి ఎవరూ."

అది పాత హాస్యమే. భగీరథమ్మ కార్డు దరఖాస్తు ఏ ఆఫీసులోనో ఆగిపోయింది. అది వచ్చేదాకా అని మొదలుపెట్టి, వసుంధర తన పేరునే అత్తగారికి మందులు తీసుకుంటోంది. నీడ యంత్రం కొత్తగా వచ్చినప్పుడు సరదాకి తన నీడ తెరిచి చూసుకుంది. దానికి మధుమేహం ఉంది, కంటిచూపు మందగిస్తోంది, మోకాళ్లు అరుగుతున్నాయి. "మీ అత్తగారు మీలో దూరారు మేడమ్" అని నిరంజన్ నవ్వితే తనూ నవ్వి మూసేసింది.

గరిటె చేతిలోనే ఉండిపోయింది.

తన నీడ ఒక్క మనిషిది కాదు. అదిప్పటికీ బతికే ఉంది, అందులో అత్తగారి రోగం పెరుగుతూనే ఉంది. తను రేపు చనిపోతే అది కూడా ఒప్పుకోదు.

"ఎక్కడికి? అన్నం తినవా?" అన్నాడు సుదర్శన్.

"అత్తయ్యకు మీరు వడ్డించండి" అంటూ ఆమె అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

*

"ఇద్దరా?" నిరంజన్ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఒకే కార్డు మీద ఇద్దరు వచ్చారంటారా? రక్తం తీసేచోట కార్డు చూస్తారు కదా మేడమ్."

"కార్డు చూస్తారు. కార్డు మీది ఫొటో ఎప్పటిదో. ఈ ఊళ్లో సగం ఇళ్లలో పిన్ని మందులు అక్క పేరున వస్తాయి, మా అత్తయ్యవి నా పేరున… సరే, అదంతా వదిలేయ్. విడదీయగలవా?"

"గొంతులు దాచిపెట్టం. వినగానే చెరిపేస్తాం, అది నియమం. మాటలే మిగులుతాయి. వాటినిబట్టి కష్టం."

"రక్తాన్నిబట్టి విడదీయి. వార్డులో చివరగా తీసింది ఓదెమ్మదే, అందులో అనుమానం లేదు. ఆ రక్తానికి సరిపోయే పరీక్షలు ఎన్ని ఉన్నాయో చూడు."

యంత్రం చాలాసేపు గురగురలాడింది. పాత పరీక్షల్లో ఏవో కొన్ని, సంవత్సరాల కిందటివి, ఒక పక్కకు చేరాయి. మిగిలినవన్నీ ఇంకోపక్కకు చేరాయి. మందులు, బరువులు, నొప్పులు వాటి వెంట ఒక్కొక్కటే జరిగాయి. తెరమీది నీడ మధ్యలో చీలినట్టయింది. ఒక నీడ రెండైంది.

మొదటిదానిలో మూత్రపిండాలు ఎండిన చింతగింజల్లా ఉన్నాయి. కాలం ముందుకు జరిగింది. గుండె మాత్ర లోపలికి పోయింది, బయటికి రాలేదు. బుధవారం నాటికి గుండె లయ తప్పి, ఆగి, నీడ ఆరిపోయింది. యంత్రం చావును ఒప్పుకుంది.

రెండోది ఆరలేదు. దానికి మూత్రపిండాలు దివ్యంగా ఉన్నాయి. కానీ దాని నెత్తురు పలచబడుతోంది. ఇద్దరి లెక్కా కలిసి ఉన్నంతకాలం ఆ పలచదనం, తిండి సరిగా లేక వచ్చిన నీరసంలా కనిపించింది. బలం గోలీలు రాసి పంపేసింది తను. ఇప్పుడు విడిగా చూస్తే స్పష్టంగా ఉంది. పేగులో ఒకచోట చిన్న కణితి, దాని నుంచి ఆగకుండా కారుతున్న నెత్తురు. కాలం ఇంకాస్త జరిగేసరికి కణితి పేగు గోడ దాటింది. నిరంజన్ చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు.

"ఈవిడ ఎవరో గానీ ఇప్పుడే ఆపరేషన్ చేస్తే బతుకుతుంది" అన్నాడు. "వర్షాకాలం దాటితే కష్టం."

అతను ఊరికే ఉండలేక మొదటి నీడను మళ్లీ లేపాడు. అదే మాత్రను సగానికి తగ్గించి ఇచ్చాడు. బుధవారం వచ్చింది, వెళ్లింది. నీడ బతికింది. పండగలు వెళ్లాయి, మరుసటి ఏడాది వెళ్లింది. వయసుకు తగ్గట్టు కొంచెం వంగుతూ ఓదెమ్మ నీడ బతుకుతూనే ఉంది.

"ఆపు నిరంజన్."

"ఊరికే చూద్దామని…"

"ఆపమన్నానా!"

అతను ఆపాడు. తల దించుకుని అన్నాడు: "మేడమ్, దీన్ని రికార్డుగా విడదీయాలంటే ఎందుకో రాయాలి. రాస్తే నేరుగా పై ఆఫీసుకు వెళ్తుంది. వాళ్ల కార్డు రద్దవుతుంది. మాత్ర ఎవరు రాశారన్న ప్రశ్న వస్తుంది. మా యంత్రం మూటకట్టుకుని నేను హైదరాబాదు పోవాలి. రాయకపోతే సోమవారం రెండూ చెరిగిపోతాయి. మీరు వెళ్లి ఆవిడకు నోటిమాటగా చెప్పి, ఏ పెద్దాసుపత్రికో పొమ్మనండి. ఎవరికీ నష్టం లేదు."

"ఏ ఆసుపత్రి నమ్ముతుంది? ఆవిడకు ఒక్క కాగితమైనా లేదు. ఎక్కడికి పోయినా నీరసమని బలం గోలీలే ఇస్తారు, నేనిచ్చినట్టు."

*

పోశం క్వార్టరు పాత కాలనీలో, బొగ్గు లారీల దారి పక్కన ఉంది. వాకిట్లో ఎవరింటి నుంచో వచ్చిన అన్నం గిన్నెలు మూతలతో ఉన్నాయి. పోశం ప్లాస్టిక్ కుర్చీలో నుంచి లేవబోయాడు.

"రాండ్రి మేడమ్. మీరు మా ఇంటికొచ్చిన్రు, ఓదెమ్మ ఉంటే ఎంత సంబురపడునో."

గోడ దగ్గర స్టూలుమీద ఓదెమ్మ ఫొటో ఉంది. వేరే ఫొటో లేక కార్డుమీదిదే పెద్దది చేయించినట్టున్నారు, ముఖం మసకగా ఉంది. వసుంధర దాని ముందు నిలబడిపోయింది. గుండ్రటి ముఖం, ఎడమ కనుబొమ్మ మీద పుట్టుమచ్చ. ఈ ముఖాన్ని తను మొదటిసారి చూస్తోంది.

లోపలి నుంచి చాయ్ పట్టుకుని ఇంకొకామె వచ్చింది. పోశం చెల్లెలు సరోజన. మొగుడు వదిలేశాక అన్నావదినెల పంచనే ఉంటోంది. చెల్లెళ్లకు కంపెనీ కార్డు వర్తించదు.

"సరోజనా, నువ్వెప్పుడైనా దవాఖానకు వచ్చావా?"

"వదినెతోని వస్తుంటి గద మేడమ్, తోడుకు."

"నీ కోసం?"

"నాకేం రోగం? దున్నపోతు లెక్క ఉన్న."

"దానికేమైతది మేడమ్" అన్నాడు పోశం. "రాయి తిన్నా అరుగుతది దానికి. మా ఓదెమ్మనే సుకుమారం."

చాయ్ గ్లాసు అందుకుంటూ వసుంధర ఆమె గోళ్లు చూసింది. తెల్లగా, సున్నం పూసినట్టున్నాయి. సరోజన ఖాళీ గిన్నెలు తీసుకుని పెరట్లో నల్లా దగ్గరికి పోతే వెనకే వెళ్లింది. అడక్కుండానే ఆమె కింది కనురెప్ప లాగి చూసింది. సరోజన వెనక్కి తగ్గింది.

"ఏంది మేడమ్, పశువుల డాక్టరు లెక్క!"

"నెత్తురు పడుతోందా? దొడ్డికి పోయినప్పుడు?"

సరోజన ఇంట్లోకి చూసింది. గొంతు తగ్గించింది. "మెల్లగ మాట్లాడుండ్రి. తెలిస్తే కార్డు గుంజుకుంటరు. అన్నకు బీపీ గోలీలన్నీ దాంట్లనే."

"రక్తం పరీక్షకు చెయ్యి చాపింది నువ్వే కదా?"

ఆమె గిన్నె తోముతూనే, నవ్వొచ్చిన జ్ఞాపకం చెబుతున్నట్టు మొదలుపెట్టింది. "మా వదినెకు సూదంటే పానం పోతది మేడమ్. బల్లమీద కూసోని చలిజరం వచ్చినట్టు వణుకుతుండె. లోపల్నుంచి 'ఓదెమ్మా' అని పిలిస్తే నేను లేసిపొయ్యేదాన్ని. 'నెత్తురు ఎవలదైతేంది వదినె, ఒక్క కంచంల తిన్నోళ్లం' అంటే, 'నీ కడుపు సల్లగుండ' అంటుండె. గోలీలు మాత్రం కలుపలేదు. నా నీరసం గోలీలు నాయే, ఆమెయి ఆమెయే. వేరే వేరే డబ్బాలల్ల పెట్టుకున్నం. ఒక్కనాడు మారలే."

ఎంత జాగ్రత్తగా, ఎంత శ్రద్ధగా చేశారో ఆమె ముఖంలో కనబడుతోంది.

"ఎందుకడుగుతున్నరు మేడమ్?"

"ఆ రక్తం చూసే మీ వదినె కిడ్నీలు బాగున్నాయనుకున్నాం. అందుకే గుండె గోలీ నిండుగా ఇచ్చాం. ఆమె కిడ్నీలు బాగాలేవు సరోజనా."

నల్లా నీళ్లు గిన్నె నిండి పారుతున్నాయి. సరోజన నల్లా కట్టేయలేదు.

"నా నెత్తురు చూసి ఆమెకు గోలీ ఇచ్చిన్రా?"

"రాసింది నేను. ఎదురుగా ఎవరు కూర్చున్నారో ముఖమైనా చూడకుండా రాసింది నేను. నీ తప్పు కాదు."

"నేనడిగింది గది కాదు మేడమ్." ఆమె గొంతులో కోపం లేదు, అందుకే వినడం కష్టంగా ఉంది. "ఆమె నెత్తురు ఆమె ఇచ్చుకుంటె, మా వదినె ఉండునా?"

ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. వయసు అనొచ్చు, గుండె అనొచ్చు. తెరమీద వంగుతూ బతికిన నీడను నిరంజన్ తప్ప ఎవరూ చూడలేదు. కానీ ఇంకో నిమిషంలో ఇదే మనిషిని తను కోత కోయించుకోమని అడగాలి. మొదటి మాట అబద్ధమైతే రెండో మాటకు విలువేముంటుంది?

"ఉండేది" అంది వసుంధర.

సరోజన నల్లా కట్టేసింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంది, ఆరిన తరువాత కూడా తుడుచుకుంటూనే ఉంది. కణితి గురించి, ఆపరేషన్ గురించి, సోమవారం లోపల రికార్డు విడదీయడం గురించి, కార్డు గురించి వసుంధర చెప్పిందంతా తల వంచుకుని విన్నది. విన్నదో లేదో.

"నాకెందుకు మేడమ్ ఆపరేషన్" అంది చివరికి. "ఆమెను తిన్న ఒళ్లు ఇది."

"నువ్వు తినలేదు."

"మా అన్నకు నేనే చెప్త. మీరు చెప్పకుండ్రి." లోపలికి పోతూ వెనక్కి తిరిగి చూడలేదు.

*

ఆదివారం వసుంధర ఇంట్లో కూర్చుని నివేదిక రాసింది. తన పేరున అత్తగారి మందులు తీసుకున్న సంగతి కూడా రాసింది. "అది కూడా ఎందుకమ్మాయ్, ఎవరడిగారు?" అని భగీరథమ్మ బెంబేలెత్తింది. సుదర్శన్ చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, "రెండో పేజీలో తేదీ తప్పుంది, చూసుకో" అన్నాడు. అంతకన్నా ఆమెను ఊరడించే మాట అతనికి దొరకలేదు, ఆమెకూ అవసరం లేకపోయింది.

సోమవారం పొద్దున్నే సూపరింటెండెంటు నివేదిక చదివి ముఖం గంటు పెట్టుకున్నాడు. "ఇది పైకి వెళ్తే నిన్ను కుర్చీలోంచి లేపుతారమ్మా. తెలుసా?"

"లేపేదాకా ఓపీ చూస్తాను సార్."

మేడమీద నిరంజన్ చెరిపివేత ఆపేశాడు. రెండో నీడకు పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. సరోజన ఒప్పుకుని వస్తే తప్ప అందులో పేరు రాయకూడదు. ఆమె రాకపోతే, ఎవరిదో తెలిసీ ఎవరిదీ కాని ఆ ఒళ్లు తెరమీద అలా పలచబడుతూ ఉండాల్సిందే.

ఆ రోజు ఓపీ కదల్లేదు. వసుంధర తెరను గోడవైపు తిప్పింది. వచ్చినవాళ్లందరినీ తలెత్తమంది, నాలుక చూసింది, చెయ్యి పట్టుకుంది, కార్డుమీది ఫొటోనూ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. ఒకామె కంగారుపడి, "నా తోటికోడలుకు నలతగుంటే నేనొచ్చిన మేడమ్" అని తనంతట తానే చెప్పి పారిపోయింది. వరండాలో సణుగుడు పెరిగింది.

"ఏంరా, మేడమ్ పెండ్లి సంబంధం చూస్తుందా ఏంది, ఒక్కొక్కని గంట చూస్తుంది!"

"నీ మొఖం చూసి వెంటనే పంపిస్తది తియ్యి."

నవ్వులు లేచాయి. ఆమెకు నవ్వు రాలేదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి వరండా చివరిదాకా చూసి కూర్చుంటోంది. పన్నెండు దాటింది. జనం పలచబడ్డారు. నర్సు కిటికీలు మూయడం మొదలుపెట్టింది.

అప్పుడు గేటు దగ్గర కనిపించారు.

ముందు పోశం, బాగా వెనకగా సరోజన. అన్నాచెల్లెళ్లు కలిసి వస్తున్నట్టు లేదు. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడడం లేదు. ముఖం రాయిలా ఉంది. ఇంట్లో ఏం జరిగిందో, ఎన్ని మాటలు పడ్డాయో, లేక ఒక్క మాటా పడలేదో తెలియదు. కానీ ఆయన భుజానికి సంచీ ఉంది. పైకి పొంగిన దుప్పటి అంచు, పళ్లెం, స్టీలు చెంబు కనబడుతున్నాయి. వార్డులో ఉండడానికి కావలసినవన్నీ సర్దుకుని వచ్చాడు. బరువుకు భుజం వంగుతోంది. సరోజన దగ్గరికొచ్చి అందుకోబోతే చెయ్యి విదిలించాడు. సంచీ మాత్రం కింద పెట్టలేదు.

వసుంధర గది దాటి వరండాలోకి వచ్చింది. కౌంటరులో గుమాస్తా అప్పుడే టిఫిన్ డబ్బా విప్పుకున్నాడు.

"ఓపీ అయిపోయింది పెద్దయ్యా. రేపు రా."

పోశం కదల్లేదు. "చీటీ రాయి. ఆసం సరోజన. నా చెల్లె."

గుమాస్తా విసుక్కుంటూ చెయ్యి చాపాడు. "కార్డేది?"

"కార్డు లేదు" అన్నాడు పోశం. "మనిషున్నది. రాయి."